పుత్తూరు కట్టూ, పాటల డబ్బీ

ఈమధ్య ఒక ఆదివారం తిరుపతిలో మా అన్న ఇంటికి భోజనానికి వెళ్తే, అక్కడ చిన్న తగువు నడుస్తూ ఉంది. అన్న కూతురు పాటలు వినడానికని విడిగా ఒక ప్లేయర్ తెప్పించుకుంది. ఫోన్ చేయదు, ఫోటో తీయదు, బొమ్మలు చూపించదు. పాడుతుంది, అంతే. "చేతిలో అంత పెద్ద ఫోను పెట్టుకోని మళ్ళా ఇదెందుకు మే? పాటలు దాంట్లో రావా?" అని అన్న అడుగుతున్నాడు. "వస్తాయి నాయనా. పాటతో పాటు ఊర్లో వాళ్ళంతా కూడా వస్తారు" అంది ఆ పిల్ల. అన్న నావైపు చూశాడు. నేను అన్నవైపు చూశాను. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నామో తెలియక వదిన చారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎప్పుడో నేను కాలేజీలో చదివేటప్పుడు, ఐరాల దగ్గర మా పల్లెలో, మా ఇంటి పంచలో ఇదే తగువు మా ఇద్దరి మధ్య జరిగింది. తగువు తీర్చింది మా అవ్వ. ఆ సంగతి పిల్లకు చెప్పడం మొదలుపెడితే సాయంత్రం కాఫీ దాకా సాగింది. చెప్పింది చాల్లేదనిపించి ఇంటికొచ్చాక ఇలా రాయడానికి కూర్చున్నాను.

అవ్వ అంటే మా నాయనకు అమ్మ, మునెమ్మ. సన్నగా, పొడుగ్గా, చెరకు గడలాగా ఉండేది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది. వాకిట్లో పేడనీళ్ళు చల్లి, ఆవుల దగ్గరికి పోయి, పాలు తీసి, పాల కేంద్రానికి పంపించేసరికి మేం ఇంకా దుప్పట్లోనే ఉండేవాళ్ళం. మాకు తెలివొచ్చేది అవ్వ సంగటి గెలికే చప్పుడుకు. రాగిపిండి ఉడుకుతున్న వాసన, పొయ్యిలో కాలుతున్న చెరకు పిప్పి వాసన, రోట్లో నూరుతున్న చెనక్కాయల ఊరుబిండి పచ్చడి వాసన, ఈ మూడూ కలిసి మమ్మల్ని లేపేవి. అవ్వ ఏ పని చేస్తున్నా నోట్లో ఏదో ఒక పాట ఉండేది. అయితే ఏ పాటా చివరిదాకా సాగేది కాదు. మొదటి చరణం అందుకునేసరికి కోడి గింజల మీద పడేది, "హుష్" అనేది. రెండో చరణంలో ఉండగా ఎవరో వాకిట్లోంచి "మునెమ్మక్కా" అని పిలిచేవాళ్ళు, "వస్తా ఉండా" అనేది. మూడో చరణానికి పాలు పొంగేవి. మేం పెరిగింది ఆ సగం సగం పాటల మధ్యనే. ఒక పాటకు చివర అనేది ఒకటి ఉంటుందని మాకు తోచేది కాదు.

నేను చిత్తూరులో డిగ్రీ చదివేదాన్ని. రోజూ బస్సులో పోయి రావడం. మా అమ్మ తమ్ముడు దొరసామి మామ మద్రాసులో కారు డ్రైవరుగా ఉండేవాడు. ఒకసారి వచ్చినప్పుడు, "ఈసారి వచ్చేటప్పుడు నీకు ఏం తెచ్చేది పాపా? ఫోనా, పాటల డబ్బీనా?" అని అడిగాడు. నేను ఆలోచించకుండానే పాటల డబ్బీ అన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మామిడి తోటలు వెనక్కి పోతుంటే చెవిలో పాట మోగడం ఎలా ఉంటుందో అప్పటికే వంద రకాలుగా ఊహించుకుని ఉన్నాను. నాయనకు నచ్చలేదు. "ఫోనయితే బస్సు తప్పినప్పుడు చెప్పొచ్చు కదా. పాటలు కూడు పెడతాయా?" అన్నాడు. అయినా మామ మాట నిలబెట్టుకున్నాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగ్గా, నీలం రంగులో, సన్న బ్యాటరీ సెల్లు ఒకటి వేస్తే పాడే డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. సెల్లు బలం తగ్గితే పాట ఆగిపోయేది. అప్పుడు దాన్ని తీసి మిద్దె మీద ఎండలో పెట్టి, మళ్ళీ వేసి ఇంకో రెండు పాటలు పిండుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే అన్న ఫోన్ కొన్నాడు. వాడు రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనికి చేరి, అక్కడే గది తీసుకుని, శనివారం శనివారం ఇంటికొచ్చేవాడు. ఆ ఫోన్ మా ఇంట్లోకి వచ్చిన మొదటి ఫోన్. రాగానే పంచలో కూర్చుని దాని గుణగణాలు వర్ణించేవాడు. "ఇందులో పాటలుండాయి, ఫోటోలుండాయి, టార్చి ఉండాది, పాము ఆట ఉండాది, లెక్కలు కూడా చేస్తాది. నీ డబ్బీ ఏం చేస్తాది?" అని నన్ను ఉడికించేవాడు. "పాడతాది" అనేదాన్ని. "పాడేది ఇదీ పాడతాది. అది పాడి ఊరుకుంటాది, ఇది పాడి ఊరుకోదు" అని నవ్వేవాడు. ఆ చివరి మాటే తర్వాత వాడి కొంప ముంచింది.

బెల్లం వండే కాలంలో అవ్వ పడిపోయింది. మా గానుగ కొట్టంలో పాకం పొంగి నేలంతా మడ్డిమడ్డిగా ఉంది. చెరకు పిప్పి మోపు నెత్తిన పెట్టుకుని వస్తూ జారి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంది. ఆమె అరవలేదు. "మోపు తీయండ్రా, తడిసిపోతాది" అంది. నాయన జీపు మాట్లాడి పుత్తూరుకు తీసుకుపోయాడు, నేనూ అమ్మా వెంట వెళ్ళాం. అక్కడ కట్టు కట్టే పెద్దాయన ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి, గుడ్డ చుట్టాడు. కడుతున్నంతసేపూ అవ్వ ఆయన్ను వాళ్ళ ఊరి వానల గురించి అడుగుతూనే ఉంది. కట్టు అయ్యాక ఆయన నాయనతో చెప్పాడు. "ఎముక అతుక్కుంటాదప్పా, దానికేం భయం లేదు. కానీ ఈమె గమ్మున పడుకుంటాదా? కళ్ళు చూస్తే పడుకునే మనిషి మాదిరి కనపల్లేదు."

ఆయన అన్నది నిజం. పడుకోవడం అనేది అవ్వకు చేతకాని పని. పంచలో నులకమంచం వేసి పడుకోబెట్టాం. ఆవు అరిస్తే లేవబోయేది. చెనక్కాయలు ఎండబోసిన చోట కాకి వాలితే లేవబోయేది. అమ్మ సంగటి గెలుకుతుంటే చప్పుడు విని, "అడుగంటతా ఉండాది, తెడ్డు తిప్పు, తిప్పు" అని మోచేతుల మీద లేచి కూర్చునేది. ఆ మనిషి లేవకపోతే ఇల్లు నడవదని ఆమెకు ఎంత నమ్మకమో, మాకూ అంత నమ్మకం. మంచం మీద ఆమెను చూస్తే మా అందరికీ కాళ్ళు విరిగినట్టే ఉండేది. అమ్మ ఒక రోజు పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకుంటూ, "ఎముక వంకరపోతే అత్త కర్ర పట్టుకోని నడుస్తాదా మే? నేను చూడలేను" అంది.

ఆ శనివారం అన్న వచ్చాడు. అవ్వను చూసి ఏడ్చినంత పని చేసి, వెంటనే ఒక ఉపాయం ఆలోచించాడు. తన ఫోన్‌ను అవ్వకే ఇచ్చేశాడు. వారమంతా ఫోన్ లేకుండా రేణిగుంటలో ఉండటమంటే వాడికి చిన్న త్యాగం కాదు. అవ్వకు ఇష్టమైన దేవుడి పాటలన్నీ అందులో వేయించి, తీగలు ఆమె చెవుల్లో పెట్టి, తీగకున్న చిన్న బొత్తాం చూపించి, "పాట ఆగిపోతే ఇది ఒత్తవ్వా, మళ్ళా వస్తాది" అని నేర్పించాడు. మా ఇంట్లో సిగ్నల్ పంచలో స్తంభం దగ్గర మాత్రమే ఉండేది. బెంగుళూరులో ఉండే అవ్వ చిన్నకొడుకు, మా చిన్నాయనా వాళ్ళూ మాట్లాడేందుకు బాగుంటుందని మంచాన్ని ఆ స్తంభం పక్కకే జరిపి మరీ పోయాడు.

సోమవారం పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతున్నాను. అమ్మ ఆవుల దగ్గర ఉంది. అవ్వ కళ్ళు మూసుకుని పాట వింటోంది. నిజంగానే కదలకుండా పడుకుంది. అన్న తెలివికి నేనే లోపల మెచ్చుకుంటున్నాను. ఉన్నట్టుండి అవ్వ మొహం చిట్లించి తీగ బొత్తాం ఒత్తింది. పాట ఆగింది కదా, మళ్ళీ రావాలని. నిజానికి ఆగింది బెంగుళూరు నుంచి చిన్నాయన ఫోన్ చేయడం వల్ల. బొత్తాం ఒత్తేసరికి పాట బదులు కొడుకు గొంతు చెవిలో పలికింది.

"వచ్చినావా అబ్బోడా!" అని అవ్వ ఒక్క కేక పెట్టింది. "యాడుండావు? వాకిట్లో నిలబడినావెందుకు, లోపలికి రా నాయనా!" అంటూనే కట్టు కట్టిన కాలు కింద పెట్టేసింది. నేను పుస్తకాలు విసిరేసి పరిగెత్తి పట్టుకున్నాను గానీ, అప్పటికే ఆమె బరువంతా ఆ కాలి మీద పడింది. అవ్వ నొప్పితో నా భుజం కరిచిపట్టుకుంది. చెవిలోంచి జారిపడిన తీగలోంచి చిన్నాయన గొంతు సన్నగా, "అమ్మా, అమ్మా, ఏమైంది?" అని అరుస్తూనే ఉంది. సాయంత్రానికి కాలు వాచింది. మళ్ళీ జీపు, మళ్ళీ పుత్తూరు. పెద్దాయన కట్టు విప్పి, వేళ్ళతో తడిమి తడిమి చూసి, మళ్ళీ కట్టి, ఈసారి నవ్వకుండా చెప్పాడు. "ఇంకోసారి కాలు కింద పెడితే వంకరగా అతుక్కుంటాది. అప్పుడు నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

తర్వాతి శనివారం అన్నకు సంగతి తెలిసి కుంగిపోయాడు. అయినా ఫోన్‌ను మాత్రం వదులుకోలేదు. "మోగకుండా పెడతానవ్వా, అప్పుడు ఎవురూ పిలవరు" అన్నాడు. అలా పెట్టి ఇచ్చాడు. వాడి ఎదురుగానే అది అవ్వ గుండెల మీద గుర్రుగుర్రుమని ఊగింది. ఎవరో వాడి స్నేహితుడు. అవ్వ బల్లి పడినట్టు ఉలిక్కిపడింది. నేను ఊరుకుంటానా? "చూసినావా? నీ ఫోను పాడి ఊరుకోదు కదా!" అన్నాను. "నీ డబ్బీలో అవ్వ వినే పాటలు ఉండాయా మొదట?" అన్నాడు. ఇద్దరం మంచానికి అటొకరూ ఇటొకరూ నిలబడి అరుచుకుంటుంటే అవ్వ చెయ్యెత్తింది.

"గమ్మునుండండి ఇద్దురూ. అబ్బోడా, నీ ఫోను మంచిదేరా, కాదన్ను. దాంట్లో పాటలూ ఉండాయి, మనుషులూ ఉండారు. మనిషి పిలస్తే పలక్కుండా ఎట్టరా పడుకోనుండేది? నాకు చేతకాదు. పాప డబ్బీలో మనుషుల్లేరు. అదే నాకు ఈయండి."

అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను గానీ, గెలిచినందుకు నా డబ్బీ పోయిందని సోమవారం బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

డబ్బీలో ఉన్నవన్నీ నా పాటలు. అవ్వ రెండు విని, "ఇదేందే, ఇనప సామాను రాళ్ళ మీద ఈడ్చినట్టు" అని తీగలు పీకేసింది. చిత్తూరు బస్టాండు దగ్గర పాటలు ఎక్కించే అంగడి ఒకటి ఉండేది. దాని యజమాని కళ్ళద్దాల మనిషి, నెమ్మదస్తుడు. కాలేజీ అయ్యాక అక్కడికి పోయి నా పాటలన్నీ తీసేయించి, దేవుడి పాటలు, హరికథలు, పాత సినిమా పాటలు, మా సరిహద్దు పల్లెల్లో పాడుకునే అరవ పాటలు కొన్ని ఎక్కించుకొచ్చాను. ఆ సాయంత్రం తీగలు పెట్టాక అవ్వ మొహం ఎలా మారిందో చెప్పడం కష్టం. కళ్ళు మూసుకుంది. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే విడిపోయాయి. ఆవు అరిచింది. అవ్వకు వినపడలేదు. కాకి వాలింది, చెనక్కాయలు తింది, పోయింది. అవ్వకు తెలియలేదు. అమ్మ సంగటి అడుగంటించింది కూడా. ఎవరూ అడగలేదు.

ఇక ఆ పంచలో నవ్వులు మొదలయ్యాయి. చెవుల్లో పాట మోగుతుండగా తను మెల్లగా మాట్లాడుతున్నానని అవ్వ అనుకునేది. నిజానికి ఊరంతా వినపడేలా అరిచేది. "మే సుగుణా, పక్కింటి సుబ్బమ్మ చీర బాగాలేదు, చెప్పొద్దులే!" అని మా అమ్మకు రహస్యం చెప్పింది ఒకసారి. సుబ్బమ్మ మంచం పక్కనే కూర్చుని ఉంది. సుబ్బమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, ఆమెను చూసి మేం నవ్వాం. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అవ్వ కూడా నవ్వింది. పది రోజుల్లో మా పంచ ఊరి ఆడవాళ్ళకు కూర్చునే చోటు అయిపోయింది. చేటల్లో చెనక్కాయలు తెచ్చుకుని ఒలుస్తూ కూర్చునేవాళ్ళు. అవ్వ విని, ఆ పాటనే పైకి పాడేది. తబలా, వీణ, పాడే మనిషీ అన్నీ అవ్వ చెవిలో. మాకు వినపడేది అవ్వ గొంతు ఒక్కటే. సంగీతం వచ్చేచోట ఆమె ఆగి, తలాడిస్తూ, చెయ్యి పైకెత్తి మమ్మల్ని కూడా ఆపేది. మాకేమీ వినపడకపోయినా మేమూ ఆగేవాళ్ళం. సరిగ్గా చెయ్యి కిందికి దిగేసరికి గొంతు అందుకునేది. ఒక చెవి తీగ తీసి సుబ్బమ్మ చెవిలో పెట్టి ఇద్దరూ కలిసి పాడిన రోజులూ ఉన్నాయి. ఇద్దరి తలలూ కొబ్బరి చిప్పల్లాగా అతుక్కుని ఉండేవి.

ఒక సాయంత్రం ఆమె నాట్ల పాటలాంటిదొకటి, చాలా పొడుగుది పాడుతోంది. నేను మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాను. మూడో చరణంలో ఉండగా డబ్బీ మీద వెలుతురు ఆరిపోయింది. సెల్లు అయిపోయింది. చెవిలో పాట ఆగిపోయి ఉండాలి. అవ్వ మాత్రం ఆగలేదు. కళ్ళు తెరవలేదు. నాలుగో చరణం, ఐదో చరణం. సంగీతం రావలసిన చోట ఆగి చెయ్యెత్తింది, దించింది, మళ్ళీ అందుకుంది. నేను అమ్మవైపు చూసి వేలితో డబ్బీ చూపించాను. అమ్మ అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు కాదు అది, ఏడుపూ కాదు. అవ్వ ఆ పాటను చిట్టచివరిదాకా పాడి, ఊపిరి వదిలి, "బాగా పాడినాది ఆయమ్మ" అంది. అప్పుడు వాకిట్లో కదిలిన చప్పుడైతే చూశాం. నాయన గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, దించకుండా అలాగే నిలబడి ఉన్నాడు. పాటలు కూడు పెడతాయా అన్న మనిషి. మోపు దించి, మొహం తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు. "నేను చిన్నపిలగాడిగా ఉన్నప్పటి నుంచీ వింటా ఉండా ఈ పాట. దీనికి చివర ఉండాదని ఈ పొద్దే తెలిసింది నాకు."

ఇప్పుడు నా ఫోన్‌లో లోకంలో ఉన్న పాటలన్నీ ఉన్నాయంటారు. నిజమే కాబోలు. మిద్దె మీద సెల్లు ఎండబెట్టే పని లేదు, చిత్తూరు దాకా పోయే పని లేదు. ఏ పాట కావాలంటే ఆ పాట వేలి కొనకు వస్తుంది. వచ్చి రెండు చరణాలు పాడేలోపు బ్యాంకు వాళ్ళు పిలుస్తారు, ఎవరి పుట్టినరోజో ఫోనే గుర్తుచేస్తుంది, బంధువుల గుంపులో ఎవరో శుభోదయం చెబుతారు. నేనూ పలుకుతాను. పలక్కుండా ఉండలేను, మునెమ్మ మనవరాలిని కదా. నా పాటలు కూడా ఇప్పుడు సగం సగమే. అందుకని ఆ రోజులు గొప్పవనీ ఈ రోజులు చెడిపోయాయనీ అనను. ఫోన్ ఉండబట్టే అవ్వ చివరి రోజుల్లో చిన్నాయనతో రోజూ మాట్లాడగలిగింది, స్తంభానికి ఆనుకుని నిలబడి, బెంగుళూరుకు నేరుగా వినపడేంత గట్టిగా. ఫోన్ మనుషులను తెచ్చింది. డబ్బీ మాత్రం, మనుషులందరూ కొంచెంసేపు ఆగితే ఆమె ఎలా ఉంటుందో మాకు చూపించింది. నా మటుకు నాకు రెండూ కావాలి. ఒక్క వస్తువులో మాత్రం వద్దు.

కట్టు విప్పే రోజు నాయన, నేను, అవ్వ పుత్తూరు వెళ్ళాం. అన్న సెలవు పెట్టి రేణిగుంట నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. పెద్దాయన గుడ్డ విప్పి, దబ్బలు తీసి, కాలు చేత్తో రాసి, "లేచి నిలబడమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ లేవొద్దంటే లేవబోయిన మనిషి, లేవమంటే భయపడింది. నా భుజం పట్టుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి తీసేసి, గోడ దాకా పోయి, గోడను తట్టి, తిరిగొచ్చింది. కాలు తాటిచెట్టంత తిన్నగా ఉంది. అన్న మొహం అటు తిప్పుకున్నాడు. నాయన పెద్దాయన చేతులు పట్టుకుని వదల్లేదు.

తిరుగు దారిలో చిత్తూరు బస్టాండులో దిగి ఐరాల బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది. అవ్వ ఎక్కలేదు. "ఆ పాటలోడి అంగడి యాడ?" అంది.

"ఇప్పుడెందుకు మా? కాలు నొప్పి పుడతాది. పాప తెస్తాదిలే" అన్నాడు నాయన.

"నడిచేదానికే కదా కట్టు కట్టించినావు" అని అవ్వ ముందుకు నడిచింది. మేం ముగ్గురం వెనకాల నడిచాం. అంగడి మెట్టు తనే ఎక్కి, రొంటిన ఉన్న డబ్బీ తీసి బల్ల మీద పెట్టి, "ఇందులో పాటలన్నీ నేను నేర్చేసినానబ్బా, మార్చు" అంది. కళ్ళద్దాల మనిషి నవ్వి, కంప్యూటర్‌కు తీగ తగిలించి, "ఏం పాటలు కావాలవ్వా?" అన్నాడు.

"నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడేది ఇంకొకటి ఉండాది, ఇందులో లేనిది. అది ఎక్కించు."

"పేరేంది?"

"పాటకు పేరేందబ్బా, పాడితే తెలుస్తాది" అని, బల్ల మీద చెయ్యి ఆనించి, నడి అంగడిలో, నడి చిత్తూరులో, అవ్వ పాట అందుకుంది. పక్క టీ అంగడిలో గ్లాసులు కడిగే చప్పుడు ఆగింది. బస్సు కోసం పోయే ఆడవాళ్ళు ఇద్దరు సంచులు కింద పెట్టారు. నాయన సిగ్గుతో మొదట నేల చూశాడు, తర్వాత తల ఎత్తాడు. అన్న జేబులో ఫోన్ మోగింది. వాడు తీసి, ఎవరని కూడా చూడకుండా దాని నోరు నొక్కేశాడు. అవ్వ మొదటి చరణం దాటి, రెండోది దాటి, ఎవరూ ఏమీ అడ్డం రాకుండా చివరిదాకా పాడింది.

కళ్ళద్దాల మనిషి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కంప్యూటర్‌లో అటూ ఇటూ వెతికి, తల అడ్డంగా ఊపాడు. "ఈ పాట నా కాడ లేదవ్వా. నేనెప్పుడూ వినను కూడా లేదు" అన్నాడు బాధగా.

అవ్వ బల్ల పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, అతికిన కాలు హాయిగా ముందుకు చాపుకుంది.

"దానికేముందబ్బా, ఉండనీలే. నా కాడ ఉండాది కదా. నా కాడ లేనివి ఎక్కించు."